లప్పం కింద తుప్పు... మలేషియాలో మా ఆదివారాలు

ఆదివారం వస్తే మలేషియాలో మన వాళ్ళు ఏం చేస్తారో ఈ పేజీ చదివే వాళ్ళకి మేము చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదిదాకా నిద్ర, బట్టలు ఉతుక్కోవడం, కోడికూర, ఇంటికి ఫోను. సాయంత్రం వీలైతే మస్జిద్ ఇండియా వైపో, బ్రిక్‌ఫీల్డ్స్ వైపో ఒక చుట్టు. ఇంటికి డబ్బు పంపిన వారమైతే హుషారు, పంపలేని వారమైతే మందు. మేము నలుగురం మాత్రం కొన్నేళ్ళుగా మా ఆదివారాల్లో సగానికి పైగా ఒక పాత కారు కింద వెల్లకిలా పడుకుని గడిపాం. అది మా కారు కాదు. దాన్ని బాగుచేసినందుకు మాకు ఒక్క రింగిట్ కూడా రాదు. రాకూడదు కూడా! ఎందుకు రాకూడదో తర్వాత చెప్తాం.

పాత కార్లు బాగుచేయడం ఒక హాబీ అంటే మన ఊళ్ళో నవ్వుతారు. అది నవాబుల సరదా. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూసిన వాళ్ళకి నిజాం కాలం నాటి కార్లు తళతళలాడుతూ నిలబడి ఉండడం గుర్తుండే ఉంటుంది. ఆ సరదాకీ, అప్పుచేసి విమానం ఎక్కి కూలికి వచ్చిన మనకీ ఏం సంబంధం? మేమూ మొదట అలాగే అనుకున్నాం. ఇక్కడికి వచ్చాక తెలిసింది ఏమిటంటే, ఈ పనిలో డబ్బు పెట్టేవాడు ఒకడుంటే చేతులు పెట్టేవాళ్ళు నలుగురు కావాలి. చేతులకి మన దగ్గర కరువు లేదు కదా.

అంబాసిడర్‌కి చుట్టం

ఆదివారం పొద్దున్నే హైవే పక్క సైట్‌లో కాపలా డ్యూటీ పడిన వాళ్ళు చూసే ఉంటారు. ఎనిమిదీ తొమ్మిది మధ్య పాత కార్లు వరసగా పోతుంటాయి. గుండ్రటి వోక్స్‌వ్యాగన్ బీటిల్‌లు, చిన్న మినీలు, పెట్టెల్లాంటి పాత వోల్వోలు, డాట్సన్ 120వై బండ్లు. ఇంగ్లీషు వాళ్ళు ఏలిన దేశం కాబట్టి మోరిస్, ఆస్టిన్ కార్లు ఇక్కడికి ఓడల్లో వచ్చాయి. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే కార్లు బిగించడం మొదలైంది. షా ఆలంలో వోల్వో కార్లు బిగించే ప్లాంటు 1967 నాటిది. ఆ తర్వాత జపాన్ కార్లు వచ్చి ఇంగ్లీషు కార్లని ఇళ్ళ వెనక్కి తోసేశాయి. 1983లో ప్రోటాన్ కంపెనీ పెట్టారు, 1985 జులై 9న ప్రోటాన్ సాగా విడుదలైంది. జపాన్ మిత్సుబిషి లాన్సర్ నమూనా మీద కట్టిన బండి అది. అదే ఏడాది పెనాంగ్ వంతెన తెరిచినప్పుడు ప్రధాని మహాతీర్ ఎర్ర సాగాలోనే వంతెన దాటారు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన మొట్టమొదటి సాగాని కౌలాలంపూర్ నేషనల్ మ్యూజియంలో పెట్టారు. సెలవు రోజు అటు వెళితే చూడండి.

ఆ సాగాకి కూడా ఇప్పుడు నలభై ఏళ్ళు దాటాయి. మొన్నమొన్నటిదాకా మన సైట్ల ముందు పాత ఇనుము రేటుకి పడి ఉండే బండిని ఇప్పుడు కుర్రాళ్ళు వెతికి మరీ కొంటున్నారు.

మేము పని చేసిన బండి మోరిస్ మైనర్ 1000. మా నలుగురిలో ఎవరం దాన్ని మొదట చూసినా అన్నమాట ఒకటే. 'ఇదేమిటి, అంబాసిడర్ పిల్లలా ఉంది!' తప్పేమీ లేదు. మన అంబాసిడర్ కూడా మోరిస్ ఇంటి బిడ్డే. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అన్న కారుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తీసుకుని అంబాసిడర్ అని పేరు పెట్టి 1957లో మొదలుపెట్టారు. బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా అది తయారవుతూనే ఉంది. మైనర్ దానికి చిన్నాన్న కొడుకు లాంటిది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు గీసిన బండి. తర్వాత 1959లో వచ్చిన మినీ కూడా ఆయన గీసిందే. మైనర్ 1948లో వచ్చింది, 1970ల మొదటిదాకా 16 లక్షల పైచిలుకు తయారయ్యాయి. ఇంగ్లండ్ కార్లలో పది లక్షలు దాటిన మొదటి కారు ఇదే. 1956 నుంచి వచ్చిన వాటిని మైనర్ 1000 అంటారు. ముందు అద్దం రెండు ముక్కలు పోయి ఒకే ముక్క అయింది, ఇంజను 948 సి.సి. అయింది. అంటే మన ఊళ్ళో మారుతీ 800 కంటే కాస్త పెద్ద ఇంజను అన్నమాట.

దొర కారు

ఆ కారు యజమానిని ఒక ఉగాది సంబరంలో కలిశాం. ఇక్కడి తెలుగు సంఘం 1955లో మలయా ఆంధ్ర సంఘంగా పుట్టింది. వాళ్ళ కార్యక్రమాలకి మన లాంటి పర్మిట్ వాళ్ళం వెళ్తే పచ్చడి పెట్టి కూర్చోబెడతారు. ఆయనకి డెబ్భై దాటాయి. మేము తాతా అని పిలుస్తాం. జీవితమంతా లారీ మెకానిక్‌గా చేశారు. క్లాంగ్ అవతల ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్ రాష్ట్రంలో బగాన్ డాతుక్ కొబ్బరి తోటలకి కూలికి వచ్చారట. ఆ ప్రాంతంలో తెలుగు వాళ్ళు ఇప్పటికీ ఎక్కువే.

తాత మాట్లాడే తెలుగు విని మాలో ఇచ్ఛాపురం అబ్బాయికి కళ్ళు చెమర్చాయి. 'ఏటి బావూ, ఎప్పుడొచ్చినారు?' అన్నారాయన. వాళ్ళ ఊళ్ళో ముసలమ్మలు తప్ప ఎవరూ అలా మాట్లాడడం లేదట. మాలో జగిత్యాల అబ్బాయికి సగం అర్థం కాలేదు, అది వేరే సంగతి!

ఈ కారు మొదట తోట దొరది. తాత చిన్నప్పుడు దొర కారు వస్తుంటే పిల్లలంతా దారి వదిలి కాలువ గట్టు మీద నిలబడాలి. దొర వెళ్ళిపోయాక కారు గుమాస్తా చేతికి, గుమాస్తా నుంచి ఒక చీనా దుకాణదారుకి, అక్కణ్ణుంచి 1970ల్లో మన తాత చేతికి వచ్చింది. నంబరు ఇప్పటికీ 'ఎ'తోనే మొదలవుతుంది, అంటే పేరాక్ బండి. పదిహేనేళ్ళు నడిపారు, పిల్లల్ని బడికి తీసుకెళ్ళారు, తర్వాత ప్రోటాన్ కొన్నాక ఇది షెడ్డులో ఆగిపోయింది. పెద్దకొడుకు మాట ఏమిటంటే, పైపైన రంగు కొట్టి అమ్మేద్దాం, కొనేవాళ్ళు తిరుగుతున్నారు. నిజంగానే ఒకాయన వచ్చి చూసి మంచి రేటు కూడా చెప్పాడు. దీపావళికి కొత్త రంగుతో కావాలన్నాడు.

తాతకి అమ్మడం ఇష్టం లేదు. పైపైన రంగు కొట్టడం అసలే ఇష్టం లేదు. 'దొర దగ్గర కొత్తగా ఉన్నప్పుడు ఎలాగుందో నాను సూసినాను. మళ్ళీ అలాగ సూడాల' అన్నారు. అక్కడ మొదలైంది మా పని.

ఫోర్‌మన్ కాదు, పొమెన్

ఇక్కడ మెకానిక్‌ని మలయా భాషలో 'పొమెన్' అంటారు. ఎక్కడి మాటో అనుకున్నాం. ఇంగ్లీషు ఫోర్‌మనే అలా అరిగిపోయిందట. సైట్‌లో ఫోర్‌మన్ అంటే మేము, షెడ్డులో ఫోర్‌మన్ అంటే తాత! బాడీ పని చేసే షెడ్డుల మీద 'కెటుక్, చాట్' అని బోర్డు ఉంటుంది. కెటుక్ అంటే కొట్టడం, చాట్ అంటే రంగు. మన టింకరింగు, పెయింటింగు అన్నమాట. పేరులోనే పని మొత్తం ఉంది. కానీ అసలు పని ఆ రెండిటి మధ్యలో ఉందని తర్వాత తెలిసింది.

సుత్తి దెబ్బకి చెప్పిన నిజం

మేము సివిల్ డిప్లొమా వాళ్ళం. కారు గురించి తెలిసింది తక్కువ, ఇనుము గురించి తెలిసింది ఎక్కువ. ప్లాస్టరింగ్ అయిన గోడ దగ్గరికి వెళితే మా చెయ్యి ఊరుకోదు, తాపీ వెనకతో తడుతుంది. గుల్ల మోత వస్తే లోపల పట్టు లేదని అర్థం. కారు దగ్గర కూడా అదే చేశాం. తలుపు కింద పొడుగ్గా ఉండే పట్టీని వేలి కణుపుతో తట్టుకుంటూ పోతే ఒక చోట టంగుమంది, జానెడు అవతల టప్పుమంది. తాత నవ్వి జేబులోంచి ఒక అయస్కాంతం ముక్క తీశారు. టంగుమన్న చోట అతుక్కుంది, టప్పుమన్న చోట జారి కింద పడింది.

అక్కడ రేకు లేదు. లప్పం ఉంది. ఎప్పుడో ఎవరో తుప్పు తిన్న చిల్లుని వార్తాపత్రిక ఉండలు చుట్టి కూరి, పైన లప్పం రాసి, ఉప్పుకాగితం రుద్ది, రంగు కొట్టారు. గోకితే లోపల చీనా అక్షరాలతో కాగితం ముక్కలు కూడా బయటపడ్డాయి.

ఇది మాకు కొత్తేమీ కాదు. కాలమ్ షట్టరింగ్ విప్పితే హనీకూంబ్ కనబడుతుంది. కంకర బయటికి కనబడుతుంటే ఇంజనీరు వచ్చేలోగా సిమెంటు పాలు పూసేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. పూసిన రోజు బాగానే ఉంటుంది. నీళ్ళు లోపలికి పోతాయి, కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. కారులోనూ కథ అదే. లప్పం తేమని లోపల పట్టి ఉంచుతుంది, పైన రంగు నిగనిగలాడుతుంటే కింద రేకు బిస్కట్‌లా అవుతుంది. ఇంగ్లండ్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ పాత కార్లని తినేది ఆ ఉప్పు. మలేషియాలో ఆ బాధ లేదు. కానీ ఏడాది పొడవునా వాన, ఉక్క. తలుపు అడుగున నీళ్ళు పోయే కన్నాలు ఆకులతో మూసుకుపోతే చాలు, లోపల చెరువే! కింద పరిచిన కార్పెట్టు తడిస్తే ఆరదు. బీటిల్‌లో అయితే బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, అక్కడ యాసిడ్ కూడా తోడవుతుంది. పాత కారు కొనాలనుకునే వాళ్ళు రంగు చూడకండి, కార్పెట్టు ఎత్తి చూడండి.

మైనర్‌తో ఇంకో చిక్కు ఉంది. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. ఆ తలుపుల కింద పట్టీలు, నేల రేకు, వెనక స్ప్రింగులు తగిలించే కొక్కేల చోటు... ఇవే బండిని నిలబెట్టే దూలాలు. వాటిని ఒక్కసారిగా కోసేస్తే కారు మధ్యలో వంగిపోతుంది, తర్వాత తలుపులు పట్టవు. ఇక్కడ మా చదువు అక్కరకొచ్చింది. పాత ఇంట్లో దూలం మార్చాలంటే ముందు సపోర్టులు పెట్టకుండా ముట్టుకుంటామా? తలుపుల ఖాళీల్లో యాంగిల్ ముక్కలు అడ్డంగా టాకా వేశాం. ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నాం. పునాది మార్కింగ్‌కి కర్ణం కొలిచినట్టే. ఒక పక్క కోసి, కొత్త రేకు అతికి, మళ్ళీ కొలిచి, ఆ తర్వాతే రెండో పక్క ముట్టుకున్నాం. రెండు కర్ణాలూ మిల్లీమీటరు తేడాలో వచ్చిన రోజు తాత ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి అందరికీ టీ పట్టుకొచ్చారు.

వెల్డింగు గురించి ఒక మాట. సైట్‌లో కడ్డీలకి వాడే ఆర్క్ వెల్డింగు ఇక్కడ పనికిరాదు. కారు రేకు మిల్లీమీటరు మందం ఉంటే గొప్ప, రాడ్డు తాకిస్తే చిల్లు పడుతుంది. గ్యాస్ కప్పుకుంటూ సన్నటి తీగ వచ్చే మిగ్ వెల్డింగు కావాలి. అది కూడా ఏకబిగిన గీత లాగకూడదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, చల్లారనిచ్చి మధ్యలో ఇంకో చుక్క. లేకపోతే వేడికి రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. జగిత్యాల అబ్బాయి ఈ పని అందరికంటే ముందు పట్టేశాడు. వాడు పాత రేకు ముక్కల మీద నాలుగు నెలల ఆదివారాలు చుక్కలు పెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ఆ తర్వాతే తాత వాణ్ణి కారు మీద చెయ్యి వేయనిచ్చారు.

అడుగు పని పూర్తయ్యాక చివర్లో లప్పం కూడా పెట్టాం. లప్పం పాపం కాదు. సుత్తితో సరిచేసిన రేకు మీద మిగిలిన సన్నటి ఎత్తుపల్లాలకి పల్చగా పెట్టేది లప్పం. చిల్లు మూయడానికి పెట్టేది మోసం.

తొందర లేని పని

ఎందుకు ఇంత శ్రమ అని క్యాంపులో అందరూ అడిగేవాళ్ళు. ఆరు రోజులు ఇనుముతో సావాసం చేసి ఏడో రోజు కూడా ఇనుమేనా అని ఎగతాళి.

సైట్‌లో మా పని అంతా తేదీలతో నడుస్తుంది. శుక్రవారం స్లాబ్ అంటే శుక్రవారమే. వాన పడ్డా, కడ్డీ రాకపోయినా, మనిషికి జ్వరం వచ్చినా స్లాబ్ ఆగదు. ఇది సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ చేద్దాం అని సూపర్‌వైజరు అంటే ఎంతమందికి కోపాలో మాకు తెలుసు. షెడ్డులో అది లేదు. ఒక చిన్న రేకు ముక్క మూడు ఆదివారాలు వంచి, సరిపోక, పారేసి, నాలుగోది చేస్తే 'అదీ' అన్నారు తాత. పదేళ్ళ ఉద్యోగంలో ఒక పనిని ఇంక చేయడానికి ఏమీ లేదు అనేంతవరకు చేసింది అక్కడే. మాకు దొరికిన జీతం అదే అనుకోండి.

మధ్యలో 2020 మార్చి 18 నుంచి ఎం.సి.ఓ. వచ్చింది. సైట్లు మూతపడ్డాయి, క్యాంపు గేటు దాటనివ్వలేదు, నెలల తరబడి షెడ్డు మొహం చూడలేదు. మేము మళ్ళీ వెళ్ళేసరికి ఎలుకలు వైర్లన్నీ కొరికి, డాష్‌బోర్డు వెనక కాపురం పెట్టాయి. తాత బాగా చిక్కిపోయి ఉన్నారు. 'కారు కాదర్రా, మీరు బాగున్నారా' అని అడిగారు.

ఇంజను కథ

ఇంజను గురించి ఎక్కువ చెప్పం, ఎందుకంటే అది రేకు పని కంటే తేలిక. ఏళ్ళ తరబడి తిరగని ఇంజనుని బలవంతంగా సెల్ఫ్ కొట్టకూడదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లో పల్చటి నూనె పోసి వారం పది రోజులు వదిలేయాలి. తర్వాత ముందున్న పుల్లీకి స్పానర్ పెట్టి కొంచెం కొంచెం కదపాలి. మైనర్‌కి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు కూడా ఉంది, మన పాత లారీలకి ఉన్నట్టు.

కరెంటు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ కాలం నాటి ఇంగ్లీషు కార్లలో చాలా వాటికి బ్యాటరీ ప్లస్సు బాడీకి ఉంటుంది. ఇప్పటి బండ్లన్నిటికీ మైనస్సు. తెలియక అలవాటు ప్రకారం బిగిస్తే తర్వాత పెట్టుకున్న రేడియోలు, మీటర్లు మాడిపోతాయి. ముందు చక్రాల దగ్గర మరలతో తిరిగే ట్రన్నియన్ అనే భాగం ఉంటుంది, దానికి గ్రీజు అందకపోతే అరిగి ఊడుతుంది, చక్రం పక్కకి వాలిపోతుంది. దారిలో మోకాళ్ళ మీద కూలబడిన మైనర్ ఫొటోలు చూస్తే కారణం ఇదే అనుకోవచ్చు. రేడియేటర్ మూత, ఇత్తడి భాగాలు మేము ఏ మందూ లేకుండా చింతపండుతో తోమాం. ఇంట్లో అమ్మ బిందెలు తోమినట్టే. తాత కోడలు చూసి ఒకటే నవ్వు.

సామాను ఎక్కడ దొరుకుతుంది అంటారా? ఇక్కడ 'పొటాంగ్' దుకాణాలని ఉంటాయి. పొటాంగ్ అంటే కోయడం. జపాన్ నుంచి కార్ల ముందు సగాన్ని కోసి కంటైనర్లలో తెస్తారు, హాఫ్‌కట్ అంటారు. టొయోటా, డాట్సన్ వాళ్ళకి అది స్వర్గం. మైనర్ వాళ్ళకి అక్కడ ఏమీ దొరకదు. ఇంగ్లండ్ నుంచి పార్సిల్ తెప్పించాలి. ఒక విచిత్రం చెప్పాలి. 1990ల్లో ఇంగ్లండ్‌లోని మైనర్లకి కావాల్సిన రేకు భాగాలు శ్రీలంకలో తయారై అక్కడికి వెళ్ళేవి. చేతిపని తెలిసిన మనుషులు మన వైపే మిగిలారని దాని అర్థం. ఇక రేకుతో వంచగలిగిందంతా మేము షెడ్డులోనే వంచాం. సామాను ఖర్చు మొత్తం తాతది. మా ఖర్చు బస్సు చార్జీ.

రింగిట్ ఎందుకు తీసుకోలేదంటే...

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకి వద్దాం. మన చేతిలో ఉన్న పాస్ ఒక యజమాని దగ్గర, ఒక రంగంలో పని చేయడానికి ఇచ్చినది. నిర్మాణ రంగం పాస్ మీద ఉన్నవాడు వర్క్‌షాప్‌లో కూలికి చేస్తే పాస్ షరతు తప్పినట్టే. ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో దానికి శిక్ష ఉంది, పాస్ రద్దు కావచ్చు, పట్టుకుని పంపేయవచ్చు. 'ఆదివారం సెలవే కదా, నా ఇష్టం' అంటే కుదరదు. చట్టం వారానికి ఒక రోజు విశ్రాంతి ఇచ్చింది నిజమే, ఆ రోజు ఇంకొకరి దగ్గర కూలికి వెళ్ళమని ఇవ్వలేదు.

మా పని చూసి ఒక షెడ్డు యజమాని మనిషిని పంపాడు. ఆదివారాలు వచ్చి వెల్డింగు చేయండి, చేతికి రొక్కం ఇస్తాను అన్నాడు. ఆ డబ్బు మా సైట్ కూలి కంటే ఎక్కువే. రాత్రంతా మాలో మాకు వాదన. ఇంటి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తున్న వాళ్ళకి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో మీకు తెలియనిది కాదు. చివరికి మేము నలుగురం వద్దన్నాం. మా క్యాంపులో ఇంకో తమ్ముడు ఉన్నాడు, మాతో రెండు మూడు సార్లు తాత షెడ్డుకి వచ్చాడు. వాడు ఒప్పుకున్నాడు. ఐదారు వారాలు డబ్బు బాగానే వచ్చింది. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తనిఖీ జరిగింది. వాణ్ణి తీసుకెళ్ళారు. కొన్ని వారాల తర్వాత ఇంటికి పంపేశారు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు. రొక్కం ఇచ్చిన యజమాని ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

అందుకే తాత షెడ్డులో మా కట్టుబాటు ఒకటి ఉంది. డబ్బు ముట్టం. బయటి వాళ్ళ బండి ముట్టం. తాత బండి ఒక్కటే. తాత ఇంట్లో అన్నం తింటాం, అంతే. అయినా సరే, ఒరిజినల్ పాస్‌పోర్టు, పాస్ కాపీ లేకుండా ఎప్పుడూ వెళ్ళలేదు. మీలో ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే ముందు మీ పాస్ షరతులు తెలిసిన వాళ్ళని అడగండి. ఉచితంగా చేసినా చూసేవాడికి అది పనిలాగే కనబడుతుంది. వ్యాపారం నడిచే షెడ్డుకి మాత్రం పోవద్దు. ఇల్లు వేరు, దుకాణం వేరు.

ఇంకొకటి. 2019 జనవరి 1 నుంచి విదేశీ కార్మికులు కూడా ఇక్కడి పెర్కెసో పని ప్రమాదాల పథకం కిందకి వచ్చారు. సైట్‌లో దెబ్బ తగిలితే దానికి లెక్క ఉంది. ఆదివారం సరదాకి కారు కింద నలిగితే అది పని ప్రమాదం అవదు. కాబట్టి జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకండి, స్టాండు పెట్టండి. పెట్రోలు ట్యాంకు దించకుండా వెల్డింగు పెట్టకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. పాత బ్రేకు దుమ్ముని ఊదకండి, ఆ కాలం బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తడి గుడ్డతో తుడవండి. మనం సైట్‌లో పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో పదిమందికి చెప్పే మాటలే ఇవి.

ఇంటి దగ్గర

జగిత్యాల అబ్బాయి పర్మిట్ అయిపోయి 2023లో వెళ్ళిపోయాడు. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డులో చేస్తున్నాడు. మిగ్ వెల్డింగు వచ్చిన మనిషని మంచి జీతమే ఇస్తున్నారట. వాడికి ఒకటే గునుపు. 'అన్నా, ఇక్కడ అందరూ లప్పమే అడుగుతున్నరు. రేకు కోసి పెడతా అంటే సాయంత్రానికి బండి కావాలంటున్నరు' అని ఫోన్‌లో చెప్తాడు. నిజమే. కడుపు నిండే పనిలో ఎవరైనా తొందరే పెడతారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే చేతుల్ని చూసిన వాళ్ళం మేము, చేతకాక ఎవరూ లప్పం పెట్టడం లేదు. ఓపికకి డబ్బు ఇచ్చేవాడు లేడు. కాకపోతే వాడు ఆ షెడ్డు మూల ఒక పాత ప్రీమియర్ పద్మిని చూసి పెట్టుకున్నాడు. యజమాని ఇనుము రేటుకి ఇస్తానన్నాడట. అయస్కాంతం పెట్టి చూశావా అని అడిగాం. 'చూసిన అన్నా. నాలుగు చోట్ల పడ్డది' అన్నాడు. కొంటున్నాడో లేదో ఇంకా చెప్పలేదు, పెళ్ళి కూడా కుదిరింది కదా, చూడాలి.

ఇక్కడ మైనర్‌కి రంగు పడింది. తాత గుర్తున్న రంగు చెప్పమంటే, గోడ మీద నాచు పట్టకముందు ఉండే పచ్చ అన్నారు. ఆరు డబ్బాలు కలిపి చూపించాక ఏడో దానికి తల ఊపారు. పెద్దకొడుకు అమ్మే మాట మానేశాడు, పైగా శనివారం రాత్రి వచ్చి టార్పాలిన్ ఎత్తి చూసుకుంటున్నాడు. బండిని మళ్ళీ రోడ్డు ఎక్కించే కాగితాల పని అతనే చూస్తున్నాడు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే ఉండాలి, ఇక్కడ దాన్ని గెరాన్ అంటారు. నంబరున్న రేకు తుప్పు పట్టినా కోసి పారేయకూడదని తాత మొదటి రోజే సుద్దతో చుట్టూ గీత గీసి పెట్టారు. నంబర్లు సరిపోయాయి. తనిఖీకి వెళ్ళే ముందు మిగిలింది ఒక్కటే, ఎడమ తలుపు మూసేటప్పుడు కింద మూల కాస్త పట్టేస్తోంది. కర్ణం కొలతలు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి తప్పు బందుల్లో ఉండాలి. వచ్చే ఆదివారం వానలేకపోతే విప్పి చూస్తాం.